నడి సంద్రంలో 76 రోజులు.. రబ్బరు తెప్పలో ఒక్కడే.. ఎలా బతికాడు?

చుట్టూ నీళ్లే. తాగడానికి మాత్రం చుక్క లేదు. అరుద్దామంటే వినేవాడు లేడు. కింద సొర చేపలు, పైన మండే ఎండ. కూర్చున్నది గాలి నింపిన ఓ రబ్బరు తెప్ప. అందులో కాళ్లు పూర్తిగా చాపుకోవడానికి కూడా చోటు లేదు. ఇలా ఒకటి కాదు, రెండు కాదు, 76 రోజులు గడిపాడు ఓ అమెరికన్. పేరు స్టీవెన్ కాలహన్.

'లైఫ్ ఆఫ్ పై' సినిమా చూశారా? పుదుచ్చేరి కుర్రాడు పులితో కలిసి లైఫ్ బోటులో సముద్రం మీద కొట్టుకుపోయే కథ. ఆ సినిమా తీసేటప్పుడు, సముద్రంలో ఒంటరిగా ఉంటే మనిషి ఎలా ఉంటాడు, ఏం చేస్తాడు అని దర్శకుడు ఆంగ్ లీ సలహాలు అడిగింది ఈ కాలహన్‌నే. పులి ఒక్కటి పక్కన పెడితే, మిగతా చాలా సంగతులు ఆయన స్వయంగా అనుభవించినవే.

ఇంతకీ అక్కడ ఒక్కడే ఎలా చిక్కుకున్నాడు? అదృష్టం కొద్దీ బయటపడ్డాడా, తెలివితో బయటపడ్డాడా? రెండూ ఉన్నాయి. తెలివి పాలే కాస్త ఎక్కువ.

ఆ రాత్రి ఏం జరిగింది?

కాలహన్ వృత్తిరీత్యా పడవల డిజైనర్. 'నెపోలియన్ సోలో' అనే చిన్న తెరచాప పడవను సొంతంగా డిజైన్ చేసి కట్టుకున్నాడు. పొడవు 21 అడుగులు మాత్రమే. దాంతోనే 1981లో అట్లాంటిక్ దాటి ఇంగ్లండ్ వెళ్లాడు. అక్కడి నుంచి వెస్టిండీస్‌లోని ఆంటిగ్వా దాకా సాగే ఒంటరి పడవల రేసులో దిగాడు. పడవ దెబ్బతినడంతో స్పెయిన్‌లోనే రేసు నుంచి తప్పుకున్నాడు. రిపేర్లు చేసుకుని, రేసుతో సంబంధం లేకుండా, తన దారిన తాను ఆంటిగ్వా బయల్దేరాడు.

1982 జనవరి 29న కెనరీ దీవుల్లోని ఎల్ హియెర్రో నుంచి పడవ కదిలింది. వారం కూడా తిరగలేదు. ఫిబ్రవరి 4 రాత్రి, తుపాను గాలుల మధ్య, పడవను ఏదో బలంగా గుద్దింది. తిమింగలం అయి ఉండొచ్చని కాలహన్ అంచనా. చూస్తుండగానే లోపలికి నీళ్లు పోటెత్తాయి. ఒంటి మీద సరైన బట్టలు కూడా లేకుండానే లైఫ్ రాఫ్ట్‌ను నీళ్లలోకి తోసి, అందులోకి దూకేశాడు.

ఇక్కడే అతని ప్రాణం నిలబెట్టిన మొదటి పని జరిగింది. పడవ పూర్తిగా మునగలేదు. నీరు చొరబడని గదులు పెట్టి డిజైన్ చేసింది తనే కాబట్టి, అది ఇంకొంచెం సేపు తేలుతుందని అతనికి తెలుసు. రాఫ్ట్‌ను తాడుతో పడవకే కట్టి ఉంచి, చీకట్లో, నీళ్లతో నిండిన ఆ పడవలోకి మళ్లీ మళ్లీ మునిగాడు. తెచ్చుకున్నవి చూడండి: ఎమర్జెన్సీ సామాన్ల సంచి, స్లీపింగ్ బ్యాగు, కొద్దిగా ఆహారం, సముద్రం మ్యాపులు, చేపలు పొడిచే చిన్న స్పియర్ గన్, ఫ్లేర్లు, టార్చి, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే సోలార్ స్టిల్స్. వీటితో పాటు ఓ పుస్తకం. సముద్రంలో చిక్కుకుంటే ఎలా బతకాలో డూగల్ రాబర్ట్‌సన్ రాసిన గైడు అది.

ఈ రాబర్ట్‌సన్ కూడా మామూలోడు కాదు. 1972లో పసిఫిక్ మహా సముద్రంలో ఓర్కా తిమింగలాలు పడవను గుద్ది ముంచేస్తే, కుటుంబంతో సహా మొత్తం ఆరుగురు 38 రోజులు సముద్రం మీద గడిపారు. వాళ్ల రబ్బరు రాఫ్ట్ 17 రోజులైనా నిలవలేదు. తర్వాత 9 అడుగుల చిన్న పడవలో సర్దుకున్నారు. జపాన్ చేపల పడవ వచ్చి కాపాడింది. ఆ అనుభవంతో రాసిన పుస్తకమే పదేళ్ల తర్వాత కాలహన్ చేతిలో పడింది.

తెల్లారేలోపే రాఫ్ట్‌ను పడవకు కట్టిన తాడు తెగిపోయింది. ఇక మిగిలింది రాఫ్ట్, సముద్రం.

దాహం.. దాహం.. చుట్టూ నీళ్లున్నా ఎందుకు తాగకూడదు?

ఆకలితో మనిషి వారాల తరబడి బతకగలడు. నీళ్లు లేకపోతే లెక్క రోజుల్లోకి వచ్చేస్తుంది. కాలహన్ దగ్గర ఉన్న మంచినీళ్లు నాలుగు లీటర్ల లోపే.

సముద్రపు నీళ్లు తాగితే ఏమవుతుంది? లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన కిడ్నీలు అంత గాఢంగా ఉప్పును మూత్రంలో బయటికి పంపలేవు. అంటే లీటరు ఉప్పు నీళ్లు తాగితే, ఆ ఉప్పును వదిలించుకోవడానికి ఒంట్లోంచి లీటరు కంటే ఎక్కువ నీరు పోతుంది. తాగిన కొద్దీ దాహం పెరుగుతుంది. ఆ తర్వాత మతి తప్పుతుంది, లేనివి ఉన్నట్టు కనిపిస్తాయి. సముద్రంలో చిక్కుకుని, ఓర్చుకోలేక ఉప్పు నీళ్లు తాగి చనిపోయిన నావికుల కథలు చాలానే ఉన్నాయి.

దీని మీద ఓ పెద్ద గొడవ కూడా నడిచింది. 1952లో అలెన్ బొంబార్డ్ అనే ఫ్రెంచ్ డాక్టర్, కొద్ది కొద్దిగా సముద్రపు నీళ్లు, చేపల నుంచి పిండిన రసం తాగి బతకొచ్చని నిరూపిస్తానంటూ రబ్బరు పడవలో కెనరీ దీవుల నుంచి ఒంటరిగా బయల్దేరి, 65 రోజులకు బార్బడోస్ చేరాడు. చేరడం నిజమే. కానీ హాన్స్ లిండెమాన్ అనే జర్మన్ డాక్టర్ తానూ చిన్న పడవల్లో అట్లాంటిక్ దాటి, బొంబార్డ్ సలహాను తప్పుబట్టాడు. ఇవాళ సముద్ర భద్రత శిక్షణలో ఎక్కడా సముద్రపు నీళ్లు తాగమని చెప్పరు. వద్దనే చెబుతారు.

మరి కాలహన్ ఏం చేశాడు? సోలార్ స్టిల్ మీద ఆధారపడ్డాడు. చూడ్డానికి ఇదో పెద్ద బెలూన్‌లా ఉంటుంది. లోపల నల్లటి గుడ్డ. దాని మీద సముద్రపు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడతాయి. ఎండకు గుడ్డ వేడెక్కి నీరు ఆవిరవుతుంది, ఉప్పు గుడ్డ మీదే ఉండిపోతుంది. ఆవిరి బెలూన్ లోపలి గోడకు తగిలి చల్లబడి, మళ్లీ నీటి చుక్కలై కిందికి జారి సంచిలో చేరుతుంది. అన్నం గిన్నె మూత తీస్తే కింద నీటి బొట్లు కనిపిస్తాయి కదా, అదే సూత్రం.

చెప్పినంత ఈజీగా అవి పని చేయలేదు. మొదట్లో వచ్చిన నీళ్లలో ఉప్పు కలిసిపోయేది. దాంతో కాలహన్ ఓ గట్టి నిర్ణయం తీసుకున్నాడు. తన దగ్గరున్న స్టిల్స్‌లో ఒకదాన్ని కోసి, లోపల ఎలా ఉందో చూశాడు. ప్రాణాధారమైన వస్తువును పాడు చేసుకోవడమంటే మాటలు కాదు. కానీ అలా చూశాకే మిగతా వాటిని సరిగ్గా నడపడం వచ్చింది. గాలి తగ్గకుండా చూడటం, గుడ్డ ఆరిపోకుండా నీళ్లు పోస్తూ ఉండటం, అలలకు ఊగి ఉప్పు నీరు కలవకుండా కాపు కాయడం... ఇదే రోజంతా పని. ఇంత చేస్తే రోజుకు దక్కింది అర లీటరు. అంటే మనం ఇంట్లో వాడే రెండు గ్లాసుల నీళ్లు. వాన పడితే ఆ నీళ్లు అదనం.

ఆ రెండు గ్లాసుల్లోంచే కొంత దాచేవాడు. రేపు స్టిల్ పాడైతే? అదీ లెక్క.

తెప్ప కింద పుట్టుకొచ్చిన ఊరు

సముద్రంలో తేలే దుంగ కింద చేపలు చేరతాయన్న సంగతి మన తీరంలో వేటకెళ్లే మత్స్యకారులను అడిగినా చెబుతారు. కాలహన్ రాఫ్ట్ కింద జరిగింది అదే. రబ్బరు అడుగున నాచు పట్టింది, గవ్వల్లాంటి చిన్న జీవులు అంటుకుని పెరిగాయి. వాటి కోసం చిన్న చేపలు, వాటి వెనకే ట్రిగ్గర్ ఫిష్, మాహి మాహి అని పిలిచే డొరాడో చేపలు వచ్చాయి. వందల మైళ్లు ఆ గుంపు రాఫ్ట్‌తో పాటే ప్రయాణించింది.

డొరాడో అంటే చిన్న చేప కాదు. ఒంటి నిండా కండ, నీళ్లలో బాణంలా దూసుకుపోతుంది. స్పియర్ గన్‌కు ఈటెను విసిరే రబ్బరు పట్టీ త్వరలోనే లేకుండా పోయింది. దాంతో ఈటెను గన్ పిడికే తాడుతో కట్టి, చేత్తో పొడవడం మొదలుపెట్టాడు. గంటల తరబడి మోకాళ్ల మీద కూర్చుని, చేప సరిగ్గా కిందికి వచ్చే దాకా కదలకుండా ఎదురుచూడాలి. చాలాసార్లు గురి తప్పేది. తగిలినా, రాఫ్ట్‌లోకి లాగేలోపు అది గింజుకుంటే ఈటె మొన రబ్బరును చీల్చేయొచ్చు. మనిషి గాల్లో కాదు, గాలి మీద కూర్చున్నాడు మరి!

పట్టిన చేపను పచ్చిగానే తినాలి. మిగిలిన మాంసాన్ని సన్నగా కోసి, తాళ్లకు వేలాడదీసి ఎండబెట్టేవాడు. ఎండు చేపలంటే మనకు కొత్తేం కాదు కానీ, ఉప్పు గాలి, అలల తుంపర మధ్య రాఫ్ట్‌లో ఎండబెట్టడం వేరే సంగతి. విచిత్రం ఏంటంటే, కొన్నాళ్లకు అతని ఒళ్లు మాంసం కంటే చేప కళ్లు, కాలేయం లాంటి వాటినే ఎక్కువ కోరుకుంది. దీనికి కారణం ఉంది. కూరగాయలు, పళ్లు లేకుండా నెలల తరబడి ఉంటే విటమిన్ సి లోపంతో స్కర్వీ వస్తుంది, పాత రోజుల్లో నావికులను చంపింది ఇదే. చేప లోపలి భాగాల్లో ఆ విటమిన్ కాస్తయినా దొరుకుతుంది. కళ్లలో నీటి శాతం కూడా ఎక్కువ.

ఇక్కడ ఇంకో రూల్ కూడా ఉంది. తాగడానికి నీళ్లు లేకపోతే మాంసం తినకూడదు. ప్రొటీన్ జీర్ణమయ్యాక మిగిలే వ్యర్థాలను బయటికి పంపాలంటే కిడ్నీలకు నీళ్లు కావాలి. కడుపు మాడుతున్నా, చేతిలో చేప ఉన్నా, నీళ్ల లెక్క చూసుకునే తినాలన్నమాట.

డొరాడోలతో కాలహన్‌కు ఓ వింత బంధం ఏర్పడింది. అవే అతని తిండి, అవే తోడు. కొన్నింటిని ఒంటి మీద గుర్తులతో ఆనవాలు పట్టేవాడు. చంపిన ప్రతిసారీ బాధపడ్డాడు. ఒంటరితనం మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

43వ రోజు: తెప్పకు చిల్లు

అసలు గండం ఇక్కడ వచ్చింది. పొడిచిన ఓ డొరాడో, ఒంట్లో దిగిన విరిగిన ఈటె ముక్కతోనే గింజుకుంటూ రాఫ్ట్ కింది ట్యూబును చీల్చేసింది. రాఫ్ట్‌కు ఒకదాని మీద ఒకటిగా రెండు గాలి ట్యూబులు ఉంటాయి. ఒకటి పోయినా రెండోది తేలుస్తుంది. కానీ కింది ట్యూబు పోతే రాఫ్ట్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు భాగం సంచిలా కిందికి జారి, నీళ్లు పైకొస్తాయి. అప్పటికే ఒంటి నిండా ఉప్పు నీటి పుండ్లు. ఇప్పుడు రాత్రీ పగలూ తడిలోనే.

మామూలు ప్యాచ్ అతికించడానికి అక్కడ పొడిగా ఏదీ లేదు. చిరుగు నోరు తెరిచినట్టు ఉంది. దాన్ని దగ్గరకు లాగి, మధ్యలో అడ్డు పెట్టి, తాడుతో బిగించి కట్టేవాడు. గాలి కొట్టేవాడు. కాసేపటికే ఊడిపోయేది. మళ్లీ కట్టు, మళ్లీ గాలి. చేతి పంపుతో వందల సార్లు ఒత్తాలి. ఒంట్లో బలం లేదు. ఇలా ఒక రోజు కాదు, సుమారు పది రోజులు!

అతను దాదాపు ఆశ వదిలేసుకున్న దశ అదే. చివరికి ఓ ఫోర్కు పిడి పనికొచ్చింది. చిరుగు రెండు అంచుల్లోంచి దాన్ని గుచ్చి, దాని వెనక తాడు బిగిస్తే జారకుండా నిలబడింది. తినడానికి వాడే ఫోర్కు ముక్క ఒకటి ప్రాణం నిలబెట్టింది.

ఈ పది రోజులు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. లైఫ్ రాఫ్ట్ అనేది నెలల తరబడి నివాసం ఉండటానికి చేసింది కాదు. ఓడ మునిగాక సాయం వచ్చే దాకా, అంటే కొన్ని గంటలో, కొన్ని రోజులో తేలడానికి చేసింది. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం పెద్ద ఓడల రాఫ్టుల్లో మనిషికి లీటరున్నర నీళ్లు, కొద్దిపాటి ఫుడ్ రేషన్, గాలం సామాను, రిపేర్ కిట్, అద్దం, విజిల్, ఫ్లేర్లు, వాంతుల మాత్రలు పెడతారు. వాంతుల మాత్రలా అని నవ్వొద్దు. రాఫ్ట్ ఎక్కిన కొద్దిసేపటికే గుండ్రంగా తిరుగుతూ ఊగే ఆ ఊపుకు అనుభవమున్న నావికులు కూడా వాంతి చేసుకుంటారు. వాంతితో పోయేది నీరే.

తొమ్మిది ఓడలు కనిపించాయి.. ఒక్కటీ ఆగలేదు

ఆ 76 రోజుల్లో కాలహన్‌కు తొమ్మిది ఓడలు కనిపించాయి. ఫ్లేర్లు కాల్చాడు. ఒక్కటి కూడా ఆగలేదు. చూసీ వదిలేశారా?

చూసి ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం. రాఫ్ట్ నీటి మీద మీటరు ఎత్తు మాత్రమే ఉంటుంది. రెండు మూడు మీటర్ల అలలు లేస్తే వాటి మధ్య మాయమైపోతుంది. రబ్బరు కాబట్టి రాడార్‌లో సరిగ్గా పడదు. నడి సముద్రంలో ఓడ ఆటో పైలట్ మీద పోతుంటే, బ్రిడ్జి మీద ఉన్న ఒకరిద్దరు సరిగ్గా అదే నిమిషంలో అటు చూడాలి. పారాచూట్ ఫ్లేరు 300 మీటర్లు పైకి లేచి వెలిగేది 40 సెకన్లు. చేత్తో పట్టుకునేది ఒక నిమిషం. అంతే. అందుకే ఓడ దూరంగా ఉన్నప్పుడే తొందరపడి ఫ్లేర్లన్నీ కాల్చేయొద్దని శిక్షణలో చెబుతారు. రాఫ్ట్‌లో కూర్చున్నవాడికి కనిపించేది కూడా చుట్టూ నాలుగు కిలోమీటర్ల మేరే.

మరి ఎమర్జెన్సీ సిగ్నల్ ఇచ్చే రేడియో బీకన్ లేదా? ఉంది. కాలహన్ దాన్ని ఆన్ కూడా చేశాడు. కానీ 1982 మొదట్లో ఆ సిగ్నల్‌ను వినే ఉపగ్రహమే లేదు! పైన ఏదైనా విమానం వెళ్తూ, అందులోని పైలట్ ఆ ఫ్రీక్వెన్సీ వింటుంటేనే తెలిసేది. అట్లాంటిక్‌లో అతను ఉన్న చోట అంతటి అదృష్టం దొరకలేదు.

గుండె కలుక్కుమనే విషయం ఇంకోటి ఉంది. అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, ఫ్రాన్స్ కలిసి మొదలుపెట్టిన కాస్పాస్-సర్సాట్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహం నింగిలోకి వెళ్లింది 1982 జూన్ 30న. సెప్టెంబర్‌లో దాని సాయంతో మొదటిసారి ప్రాణాలు కాపాడారు. కాలహన్ కొట్టుకుపోయింది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. కొన్ని నెలల తేడా!

మూడు పెన్సిళ్లతో దారి కనుక్కున్నాడు

తెడ్డు వేసి ఒడ్డు చేరే దూరం కాదది. కానీ ఎక్కడున్నాడో తెలియాలి. తెలిస్తేనే నీళ్లు, తిండి ఎన్ని రోజులకు సర్దుకోవాలో లెక్క తేలుతుంది. అందుకే మూడు పెన్సిళ్లను త్రికోణంగా కట్టి సెక్స్‌టెంట్ లాంటి పరికరం తయారుచేశాడు. రాత్రిపూట ధ్రువ నక్షత్రం సముద్రపు అంచు నుంచి ఎంత కోణంలో ఉందో కొలిచేవాడు. ఉత్తరార్ధగోళంలో ఆ కోణం ఎంతో, మనం ఉన్న అక్షాంశం దాదాపు అంతే. ఇది చిన్నప్పుడు స్కూల్లో చదువుకున్నదే, కానీ పరీక్ష ఇలా వస్తుందని ఎవరనుకుంటారు?

వేగం కోసం ఇంకో ఉపాయం. రాఫ్ట్ వెనక తాడుతో లాగుతున్న కర్ర ఒకటి ఉంది. సముద్రపు నాచు ముక్క ఒకటి రాఫ్ట్ దగ్గర నుంచి ఆ కర్ర దాకా వెళ్లడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టేవాడు. దూరం తెలుసు, సమయం తెలుసు, వేగం తేలిపోయింది.

అతని అదృష్టం ఏంటంటే గాలి, ప్రవాహం రెండూ ఒకే వైపు. కెనరీ దీవుల నుంచి వెస్టిండీస్ వైపు వ్యాపార పవనాలు వీస్తాయి, సముద్ర ప్రవాహం కూడా పడమరకే. కొలంబస్ వెళ్లింది కూడా ఈ దారిలోనే. మొత్తం మీద రాఫ్ట్ 1,800 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 3,300 కిలోమీటర్లు కొట్టుకుపోయింది. రోజుకు 44 కిలోమీటర్లు. గంటకు రెండు కిలోమీటర్లు కూడా లేదు. మనిషి నడక కంటే నెమ్మది.

పక్షులు పట్టించాయి

ఏప్రిల్ 20 రాత్రి దూరంగా లైట్లు కనిపించాయి. గ్వాడెలూప్‌కు దగ్గర్లోని మారీ గలాంట్ దీవి అది. మర్నాడు పొద్దున ఆ దీవికి చెందిన మత్స్యకారులు ముగ్గురు వచ్చారు. అతన్ని వెతుక్కుంటూ కాదు, చేపల కోసం! రాఫ్ట్ కింద చేపలుండటంతో పైన పక్షులు తిరుగుతున్నాయి. పక్షులున్న చోట చేపలుంటాయని వాళ్లు ఇటు మళ్లారు. ఇన్నాళ్లూ తిండి పెట్టిన ఆ చేపల గుంపే చివరికి మనుషుల్ని కూడా పిలుచుకొచ్చిందన్నమాట.

అప్పుడు కాలహన్ చేసిన పని వింటే నమ్మలేం. వెంటనే పడవ ఎక్కేయలేదు. తనకేం తొందర లేదు, నీళ్లున్నాయి, మీరు చేపలు పట్టుకోండి అన్నాడు! వాళ్లు చేపలు పట్టుకుంటుంటే, అప్పటిదాకా చుక్క చుక్కగా దాచుకున్న నీళ్లను హాయిగా తాగుతూ కూర్చున్నాడు. అప్పటికి ఒంటి బరువులో మూడో వంతు పోయింది. కాళ్ల మీద సరిగ్గా నిలబడలేకపోయాడు.

ఈ అనుభవంతో 1986లో రాసిన 'అడ్రిఫ్ట్' పుస్తకం పెద్ద హిట్.

ఇంతకంటే ఎక్కువ రోజులు గడిపినవాడు ఉన్నాడా?

ఉన్నాడు. పూన్ లిమ్. చైనాలోని హైనాన్ దీవిలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో 'బెన్‌లోమండ్' అనే బ్రిటిష్ సరుకు ఓడలో స్టీవర్డుగా పనిచేసేవాడు. 1942 నవంబర్ 23న జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడో కొట్టడంతో ఓడ నిమిషాల్లో మునిగింది. ఎనిమిది అడుగుల చెక్క తెప్ప దొరికింది. అందులో బిస్కెట్లు, 40 లీటర్ల నీళ్లు, కొన్ని చాక్లెట్లు, చక్కెర, ఫ్లేర్లు, టార్చి ఉన్నాయి. అవి అయిపోయాక టార్చిలోని తీగను వంచి గాలం కొక్కెం చేశాడు. తెప్పకున్న మేకు పీకి పెద్ద కొక్కెం చేశాడు. లైఫ్ జాకెట్ గుడ్డతో వాన నీళ్లు పట్టాడు. ఓసారి సొర చేపను కూడా పట్టి తిన్నాడు. పక్క నుంచి వెళ్లిన సరుకు ఓడ అతన్ని ఎక్కించుకోలేదు.

133 రోజుల తర్వాత, 1943 ఏప్రిల్ 5న బ్రెజిల్ తీరంలో మత్స్యకారులే కాపాడారు. ఎవరి సాయం లేకుండా సొంతంగా నడిచాడు! బ్రిటన్ రాజు అతనికి బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ఇచ్చాడు. లైఫ్ రాఫ్ట్‌లో ఒంటరిగా గడిపిన రికార్డు ఇప్పటికీ అతని పేరు మీదే చెబుతారు.

ఇప్పుడైతే ఏం జరుగుతుంది?

2018 సెప్టెంబర్‌లో మన నేవీ కమాండర్ అభిలాష్ టామీ గోల్డెన్ గ్లోబ్ రేసులో ఒంటరిగా ప్రపంచాన్ని చుడుతుండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు పడవ తెరచాప స్తంభాలు విరిగిపడ్డాయి. వెన్నుకు దెబ్బ తగిలి కదల్లేకపోయాడు. కానీ ఉపగ్రహం ద్వారా సమాచారం వెళ్లింది. మన నేవీ పీ-8ఐ విమానం వెళ్లి పడవను గుర్తించింది, ఫ్రాన్స్‌కు చెందిన ఓడ వచ్చి కాపాడింది. కాలహన్‌కు పట్టిన 76 రోజులకు, ఇక్కడ పట్టిన కొన్ని రోజులకు తేడా ఆ సిగ్నలే. అదే అభిలాష్ 2022లో మళ్లీ ఆ రేసులో దిగి, 2023లో రెండో స్థానంలో నిలిచాడు.

కానీ ఆ సిగ్నల్ లేనివాళ్ల సంగతి వేరు. 2019 జులైలో బెంగాల్ మత్స్యకారుడు ఒకరు ట్రాలర్ బోల్తా పడి, వాన నీళ్లు తాగుతూ సుమారు ఐదు రోజులు బంగాళాఖాతంలో తేలాడు. బంగ్లాదేశ్ ఓడ కంట పడి బతికాడు. తోటివాళ్లు దక్కలేదు. అతని కింద రాఫ్ట్ కూడా లేదు.

ఇలాంటి వాళ్లను వెతకడంలో మన హైదరాబాద్ పాత్ర ఉందని చాలామందికి తెలియదు. సముద్రం లేని ఊళ్లో సముద్రం సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు తయారుచేసిన 'సారట్' అనే టూల్‌లో, మనిషి లేదా పడవ చివరిసారి ఎక్కడ, ఎప్పుడు కనిపించిందో చెబితే, గాలి, ప్రవాహాల లెక్కతో ఇప్పుడు ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో చూపిస్తుంది. తేలేది మనిషా, రాఫ్టా, బోల్తా పడ్డ పడవా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. నీళ్లలో మునిగి తేలే మనిషిని ఎక్కువగా ప్రవాహం లాగితే, పైకి తేలే రాఫ్ట్‌ను గాలి కూడా తోస్తుంది. కాలహన్ నాచు ముక్కలతో వేసిన లెక్కే, ఇప్పుడు కంప్యూటర్ వేస్తోంది.

మత్స్యకారుల పడవల కోసం ఇస్రో డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ తయారుచేసింది. ఆపద బటన్ నొక్కితే ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డుకు సమాచారం చేరుతుంది. మొదటి మోడల్‌లో ఒక లోటు ఉండేది. బటన్ నొక్కినవాడికి, తన కేక ఎవరైనా విన్నారో లేదో తెలిసేది కాదు. కాలహన్ బీకన్ ఆన్ చేసి కూర్చున్నట్టే. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం పరికరంలో దాన్ని సరిచేశారు. సందేశం అందిందని ఒడ్డు నుంచి పడవలోకి తిరిగి జవాబు వస్తుంది. ఒడ్డున ఉన్న కుటుంబాలు పడవ తిరిగి రాలేదని కోస్ట్ గార్డుకు చెప్పాల్సిన నంబరు 1554. 24 గంటలూ పనిచేస్తుంది. పడవ ఏ రేవు నుంచి, ఎన్ని గంటలకు, ఎటు వైపు వెళ్లిందో ఫోన్‌లో చెప్పగలిగితే వెతుకులాట అక్కడి నుంచే మొదలవుతుంది.